మగపిల్లవాడికి రెండు మూడు అక్షరాల విదేశీ పేరు: ఎంచుకునే ముందు చూసుకోవలసిన సంగతులు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. మీరిద్దరూ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నారు. వచ్చే నెలలో మీకు మగబిడ్డ పుట్టబోతున్నాడు. రెండు మూడు అక్షరాలకు మించని, బంధువుల్లో గానీ స్నేహితుల్లో గానీ ఎవరికీ లేని పేరు, ఏ దేశానిదైనా సరే, పెట్టాలని మీ కోరిక. తెనాలిలో ఉన్న బాబు నానమ్మగారు, అమ్మమ్మగారు కూడా ఆ పేరును తడబడకుండా పిలవగలగాలి. మీరు ఏరిన పేర్లు ఏడు: ఈవో, ఇంతి, అయో, కోఫి, కాయ్, నెర్‌గుయ్, రెన్. పేర్ల చరిత్ర చదవడం, పరదేశాల్లో స్థిరపడిన మనవాళ్ల పిల్లలకు పేర్లు చూసిపెట్టడం నేను చాలాకాలంగా చేస్తున్న పని కనుక, ఒక్కొక్క పేరు గురించి వివరంగానే చెబుతాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. మీ ఏడింటిలో మీకు నిజంగా సరిపోయేది రెన్ ఒక్కటే. దానికి ఇలాన్, ఆరామ్, ఈరో అనే మూడింటిని నేను చేరుస్తాను. వేంకట సత్యనారాయణ వంటి పేరులో ఒక అక్షరం నలిగినా ఎవరిని పిలిచారో తెలిసిపోతుంది. రెండక్షరాల పేరులో ఒక అక్షరం చెడితే సగం పేరు పోయినట్టే. అందువల్ల పొట్టి పేరు విషయంలో పుస్తకాల్లో రాసిన అర్థం కంటే ముందు అది మన చెవికి ఎలా వినిపిస్తుందో చూడాలి, ఆ తరువాత దాని సొంత గడ్డ మీద దాన్ని ఎవరికి, ఎందుకు పెడతారో తెలుసుకోవాలి.

తెలుగు అజంత భాష కనుక అచ్చుతో ముగిసే జపాన్, ఫిన్లండ్, హవాయి, పశ్చిమాఫ్రికా పేర్లు మనకు ఇట్టే నప్పుతాయని చాలామంది అనుకుంటారు. పలకడం వరకు అది నిజమే, చిక్కంతా వినడంలో ఉంది. దీర్ఘమైన ఆకారంతో ముగిసే పేరు మన చెవికి ఆడపిల్ల పేరుగా తోస్తుంది. ఇరాన్‌లో మగవారికి పెట్టే నీమా, జార్జియాలో మగవారికి పెట్టే గెలా తెనాలిలో తప్పకుండా అమ్మాయిల పేర్లయిపోతాయి. హవాయిలో వీరుడనే అర్థంలో పెట్టే కోవా అనే పేరు చెబితే మనవాళ్లకు పాలకోవా తప్ప మరేమీ గుర్తుకు రాదు. ఓకారంతో ముగిసే పేరుకు ఇంకో ఇబ్బంది ఉంది. ఎవరో, ఎందుకో, ఎక్కడో అన్నప్పుడు ఆ ఓకారం మనకు సందేహాన్ని సూచిస్తుంది. అది ‘వో’గా వినిపిస్తే ఎమ్మార్వో, ఆర్డీవో, వీఆర్వోల వరసలో చేరిపోతుంది. అందుకే ఈవో అనే పేరును మీరు పక్కన పెట్టాలని నా సలహా. క్రొయేషియా నుంచి పోర్చుగల్ వరకు ఐరోపాలో గౌరవం ఉన్న పేరే అది, 1961లో సాహిత్యానికి నోబెల్ బహుమతి అందుకున్న యుగోస్లావియా రచయిత ఈవో ఆంద్రిచ్ పేరు కూడా అదే. కానీ తెలుగు పత్రికలు చదివే ఇంట్లో ఈవో అంటే తిరుమల తిరుపతి దేవస్థానం కార్యనిర్వహణాధికారి. ఆ ముద్రను ఒక పసివాడి పేరు చెరపలేదు.

హల్లుతో ముగిసే పేర్లు మన భాషా స్వభావానికి దూరమని పాత తరం అభ్యంతరం చెప్పేది. అయితే పవన్, కిరణ్, చరణ్, నిఖిల్ వంటి పేర్లు రెండు మూడు తరాలుగా మన ఇళ్లలో వినిపిస్తూ ఉండడం వల్ల, న్, ల్, మ్, ర్ లతో ఆగే పొట్టి పేరు ఇప్పుడు తెలుగు చెవికి సహజంగా మగపిల్లవాడి పేరుగానే తోస్తుంది. ఆడ, మగ అనే ఈ ఊహ ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుందనడానికి కిరణ్ పేరే సాక్ష్యం. జర్మనీలో భారతీయ మూలాలున్న ఒక కుటుంబం తమ కూతురికి కిరణ్ అని పేరు పెడితే, అది ఆడపిల్ల పేరో మగపిల్లవాడి పేరో తెలియడం లేదు కనుక మరో పేరు కూడా జోడించాలని అక్కడి నమోదు అధికారులు పట్టుబట్టారు. వ్యవహారం ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది, 2008 డిసెంబరులో ఆ ఒక్క పేరే చాలునని తీర్పు వచ్చింది.

ఇంతి విషయంలో నాకు నిజంగా బాధ కలిగింది, ఎందుకంటే ఆ పేరు వెనుక ఉన్నది సామాన్యమైన చరిత్ర కాదు. దక్షిణ అమెరికాలో ‘ఇంకా’ అనే సామ్రాజ్యం కొలిచిన సూర్యభగవానుడి పేరు అది. కెచువా భాషలో ఇంతి అంటే సూర్యుడు. పెరూలోని కుస్కో నగరంలో ఏటా జూన్ 24న ఇంతి రాయ్మి అనే సూర్యోత్సవం నేటికీ జరుగుతుంది. 1985 నుంచి 1991 వరకు పెరూ దేశపు నాణేనికి కూడా ఇంతి అనే పేరే పెట్టుకున్నారు. సూర్యారాధన మనకూ ఉన్నదే కనుక మీకు ఆ పేరు నచ్చడంలో ఆశ్చర్యం లేదు. కానీ మన కావ్యభాషలో ఇంతి అంటే స్త్రీ. పద్యాలు వచ్చిన ఏ పెద్దాయనకైనా పేరు వినగానే తోచేది అదే. పైగా ఇంగ్లీషు అక్షరాల్లో చూసినవాళ్లు దాన్ని ‘ఇంటి’ అని కూడా చదువుతారు. సూర్యుడే కావాలంటే మన రవి, భాను కూడా ఇంత పొట్టివే.

అయో గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నైజీరియాలోని యోరుబా వారికి ఆ మాట సంతోషమే, చాలాసార్లు అది అయోదెలే వంటి పూర్తి పేరును కుదించి పిలిచే రూపం. వారు బిడ్డ పుట్టిన ఎనిమిదో రోజున తేనె, ఉప్పు, నీరు, కోలా కాయల వంటివి ముందు పెట్టుకుని ఎంతో శ్రద్ధగా పేరు పెడతారు. మన ఇంట్లో మాత్రం పిలిచిన ప్రతిసారీ ‘అయ్యో’ అన్నట్టే ఉంటుంది, ఏ నానమ్మ మనసూ దానికి ఒప్పదు. మీ జాబితాలో లేకపోయినా, పొట్టి పేర్లు వెతికేవారికి తరచుగా ఎదురయ్యే మరో రెండింటి గురించి ఇక్కడే హెచ్చరిస్తాను. హీబ్రూలో ‘నా వెలుగు’ అనే అర్థం ఉన్న ఓరి మనకు ‘ఒరేయ్’ అని పిలవడమే. ఐస్‌లాండ్‌లో గద్ద అనే అర్థంలో పెట్టే అరి మనకు శత్రువు. మురారి, పురారి అని దేవుడి పేరు చివర ఒదిగినప్పుడు అందంగానే ఉంటుంది గానీ, విడిగా నిలబడితే ఉండదు.

కాయ్ హవాయి భాషలో సముద్రం. హవాయిలో 1860లో రాజు నాలుగో కమేహమేహ కాలంలో వచ్చిన చట్టం పిల్లలకు మొదటి పేరుగా క్రైస్తవ ఆంగ్ల నామమే ఉండాలని శాసించింది. ఆ నిబంధన 1967 వరకు తొలగలేదు. అంతకాలం రెండో పేరుగా దాక్కుని బతికిన హవాయి పేర్లను ఇప్పుడు ప్రపంచమంతా ముచ్చటపడి పెట్టుకోవడం మంచి పరిణామమే. అయితే ఎవరికీ లేని పేరు కావాలన్న మీ షరతుకు ఇది నిలవదు, అమెరికాలో పుట్టే మగపిల్లలకు పెడుతున్న తొలి వంద పేర్లలో కాయ్ ఇప్పటికే చేరింది. అక్కడి సోషల్ సెక్యూరిటీ శాఖ ఏటా పేర్ల పట్టికను బయటపెడుతుంది, 1880 నుంచి లెక్కలు అందులో దొరుకుతాయి. మీరు ఏ పేరు అనుకున్నా ఒకసారి అందులో వెతకండి.

ఇక కోఫి. దీని గురించి కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇది అర్థం చూసి పెట్టే పేరు కాదు, వారాన్ని బట్టి వచ్చే పేరు. ఘనాలోని అకాన్ ప్రజల్లో పుట్టిన వారమే బిడ్డ తొలి పేరును నిర్ణయిస్తుంది. మగపిల్లవాడు సోమవారం పుడితే కోజో, మంగళవారం క్వాబెనా, బుధవారం క్వాకు, గురువారం యావ్, శుక్రవారం కోఫి, శనివారం క్వామే, ఆదివారం క్వాసి. ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన కోఫి అన్నన్ 1938 ఏప్రిల్ 8న కుమాసీలో పుట్టారు. పంచాంగం తిరగేస్తే ఆ రోజు సరిగ్గా శుక్రవారమే. ఆయనతో పుట్టిన కవల సోదరి పేరు ఎఫువా, అది కూడా శుక్రవారపు ఆడపిల్ల పేరే. అన్నన్ అన్న మాట నాలుగో సంతానాన్ని తెలుపుతుంది. అంటే ఆ పేరు విన్న అకాన్ మనిషికి ఆ బిడ్డ ఏ వారం పుట్టాడో, ఎన్నోవాడో పరిచయం లేకుండానే తెలిసిపోతుంది.

ఆయన కంటే ముందు, 1961 నుంచి 1971 వరకు, అదే పదవిలో ఉన్న బర్మా దేశస్థుడు ఊ థాంట్ సంగతి ఇంకా మనకు దగ్గరది. ‘ఊ’ అన్నది పేరులో భాగం కాదు, పెద్దవారి పేరు ముందు చేర్చే మన్నన. ఆయన అసలు పేరు థాంట్ మాత్రమే, ప్రపంచ ప్రసిద్ధులలో ఇంత పొట్టి పేరున్నవారు అరుదు. మన కోస్తావాళ్లు రంగం అని పిలుచుకున్న రంగూన్ నగరం ఉన్న బర్మాలో, అంటే నేటి మయన్మార్‌లో, పుట్టిన వారానికి కొన్ని అక్షరాలు కేటాయించి, వాటితో పేరు మొదలుపెట్టే ఆచారం ఉంది. బర్మా లిపి కూడా మన లిపిలాగే బ్రాహ్మి సంతతిది కావడం వల్ల ఆ కేటాయింపు మనకు చదవగానే అర్థమవుతుంది. సోమవారానికి క-వర్గం, మంగళవారానికి చ-వర్గం, గురువారానికి ప-వర్గం, శనివారానికి త-వర్గం, ఆదివారానికి అచ్చులు. బుధవారాన్ని రెండుగా చీల్చి మధ్యాహ్నం వరకు ల, వ, ఆ తరువాతి పూటకు య, ర ఇచ్చారు. శుక్రవారానికి స, హ. థాంట్ పేరులోని మొదటి అక్షరం బర్మా లిపిలో మన సకారానికి సాటి అక్షరమే, వారి నోట అది థకారానికి దగ్గరగా పలుకుతుంది. ఆయన పుట్టిన 1909 జనవరి 22 కూడా శుక్రవారమే. ఒకే పదవిలో కూర్చున్న ఇద్దరు, రెండు ఖండాల వారు, ఇద్దరూ తమ పుట్టిన శుక్రవారాన్ని పేరులోనే మోసుకుని తిరిగారు. పేర్ల గురించి నేను తెలుసుకున్న విషయాల్లో నాకు ఎంతో ఇష్టమైనది ఇది.

అశ్విని నాలుగు పాదాలకు చూ, చే, చో, లా అని అక్షరాలు చెప్పుకుని పేర్లు వెతికే మనకు ఈ పద్ధతి పరాయిగా అనిపించదు. అందుకే అంటున్నాను, కోఫి అనే పేరు పెట్టాలంటే మీ బాబు శుక్రవారం పుట్టాలి. మంగళవారం పుట్టినవాడికి ఆ పేరు పెడితే, రేపు బడిలో ఒక ఘనా పిల్లవాడు ‘నువ్వు శుక్రవారం పుట్టావా’ అని అడిగినప్పుడు మీవాడు ఏమని చెబుతాడు? ఒకవేళ శుక్రవారమే పుట్టినా, మన బంధువుల నోట్లో ఆ పేరు వారం తిరక్కుండా కాఫీ అయిపోతుందన్నది నా గట్టి నమ్మకం. కాబట్టి దాన్ని గౌరవంగా దాని సొంతవారికే వదిలేద్దాం.

నెర్‌గుయ్ అంటే ‘పేరు లేనివాడు’ అని తెలుసుకుని, ఇంత కొత్తగా ఉన్న అర్థం ఎక్కడా చూడలేదని మీరు రాశారు. ఆ కొత్తదనం వెనుక ఉన్నది దుఃఖం. మంగోలియాలో పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతున్న ఇంట్లో, తరువాత పుట్టిన బిడ్డపై దుష్టశక్తుల కన్ను పడకుండా ఉండడానికి ఇలాంటి పేర్లు పెట్టేవారు. ఎనెబిష్ అంటే ‘ఇది కాదు’, తెర్‌బిష్ అంటే ‘అది కాదు’, హున్‌బిష్ అంటే ‘మనిషి కాదు’. వెతుక్కుంటూ వచ్చిన మృత్యువును దారి మళ్లించే ప్రయత్నమే ఈ పేర్లన్నీ. మన ఊళ్లలోని పెంటయ్యలు, పెంటమ్మలు అలా వచ్చినవారే, బిడ్డను కాసేపు పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పారేసిన దాన్ని ఏరుకున్నట్టు తెచ్చుకుని ఆ పేరు పెట్టేవారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు వినిపించే తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు కూడా అదే బాధలోంచి పుట్టిన పేర్లు. పుట్టిన బిడ్డను పొరుగింటివాళ్లకు ఇచ్చేసి, గుప్పెడు తవుడు పోసి మళ్లీ కొనుక్కున్నట్టు నటించేవారు. తమ బిడ్డ బతికితే చాలునని మొక్కుకున్న తల్లులు పెట్టిన పేరును, వింతగా ఉందన్న ఒక్క కారణంతో తీసుకోవడం నాకు సబబుగా తోచదు. మీ ఇంట్లో పెంటయ్య అనే ముత్తాత ఉండి ఉంటే ఆ పేరు వెనుక ఉన్న కథను బాబుకు చెప్పండి, అది నెర్‌గుయ్ కంటే విలువైనది.

రెన్ జపాన్ పేరు, కొన్నేళ్లుగా అక్కడ మగపిల్లలకు చాలా ఇష్టంగా పెడుతున్నారు. జపాన్‌లో పేరంటే శబ్దం ఒక్కటే కాదు, దాన్ని రాసే చిత్రాక్షరం కూడా. అక్కడి ప్రభుత్వం నిత్యవ్యవహారానికి నిర్ణయించిన 2,136 అక్షరాలు, పేర్ల కోసం ప్రత్యేకంగా అనుమతించిన 863 అక్షరాలు, వీటిలోంచే తల్లిదండ్రులు ఎంచుకోవాలి. రెన్ అనే ఉచ్చారణకు తామరపువ్వును సూచించే అక్షరం ఎక్కువమంది వాడేది. తామరను మగపిల్లవాడి పేరుగా పెట్టడం మనకు కొత్త కాదు: అరవింద్, రాజీవ్, పంకజ్, నీరజ్ అన్నీ అవే. కాబట్టి మీరు రెన్ అని పెడితే ఆ తామర అక్షరాన్ని కూడా నేర్చుకుని బాబు పేరుతో పాటు ఎక్కడైనా రాసిపెట్టండి, లేకపోతే శబ్దం మాత్రమే తెచ్చుకుని పేరును అక్కడే వదిలేసినట్టవుతుంది.

నేను చేర్చే వాటిలో మొదటిది ఇలాన్. హీబ్రూలో చెట్టు. యూదులు జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో చెట్ల పండుగ ఒకటి జరుపుకుంటారు, దానికున్న పేర్లలో ఒకదానిలో ఈ మాటే ఉంటుంది. ఇజ్రాయెల్ తొలి వ్యోమగామి ఇలాన్ రమోన్, మన కల్పనా చావ్లా 2003 ఫిబ్రవరి 1న కొలంబియా నౌకలో కలిసే ప్రాణాలు కోల్పోయారు కనుక, ఆ రోజుల్లో తెలుగు పత్రికలు చదివిన మీ పెద్దలకు ఈ పేరు ఇంతకుముందు కంటపడే ఉంటుంది. మనకు ఇల అంటే నేల కాబట్టి చెవికి సొంత పేరులాగే ఉంటుంది. లోపం ఒకటే: ఇంగ్లీషులో పెద్ద ‘ఐ’, చిన్న ‘ఎల్’ పక్కపక్కన రావడం వల్ల చాలా ముద్రణాక్షరాల్లో రెండూ ఒకే నిలువు గీతలా కనిపిస్తాయి, చదివేవారు తడబడతారు.

ఆరామ్ ఆర్మీనియా పేరు. ఆ దేశపు ప్రాచీన గాథల్లో ఒక మూలపురుషుడి పేరు అది, 1903లో పుట్టి 1978లో మరణించిన సంగీతకారుడు ఆరామ్ ఖచతూర్యాన్ వల్ల ప్రపంచానికి తెలిసింది. కాలిఫోర్నియాలో ఆర్మీనియన్లు చాలామంది ఉన్నారు గనుక అక్కడ ఈ పేరును ఎవరూ వింతగా చూడరు. మన వైపు నుంచి చూస్తే ఆరామం అంటే ఉద్యానవనం. ద్రాక్షారామం, క్షీరారామం వంటి పంచారామాలున్న నేల మనది. పైగా నానమ్మగారికి అందులో రాముడు వినిపిస్తాడు. హైదరాబాదులో ఆరామ్ అంటే విశ్రాంతి అన్న మాట నిజమే గానీ, అందులో నొచ్చుకునేది ఏమీ లేదు. నన్ను ఒక్కటే చెప్పమంటే ఇదే చెబుతాను.

ఈరో ఫిన్లండ్‌లో ఎరిక్ అనే పేరుకు రూపాంతరం. సెయింట్ లూయిస్‌లో 630 అడుగుల ఎత్తున నిలిచిన ఉక్కు తోరణం రూపశిల్పి ఈరో సారినెన్ పేరు అదే. ఓకారంతో ముగిసినా, పల్లెటూళ్లలో హీరోను ఈరో అనే అంటారు కనుక పెద్దలు సులభంగా పలుకుతారు. తలలో పేలు, ఈరు గుర్తుచేసి ఏడిపించే పిల్లలు ఉండవచ్చు, అది ఆలోచించుకోండి.

ఏ పేరు అనుకున్నా, దాన్ని ఒంటరిగా కాకుండా వరసలతో కలిపి పలికి చూడండి. మీ బాబు పెద్దవాడై ఎవరికో అన్నయ్య, ఎవరికో బాబాయి, ఎవరికో మామయ్య అవుతాడు. ఆరామ్ బాబాయ్, ఇలాన్ మామయ్య అంటే చక్కగా ఉంది. కాయ్ బాబాయ్ అంటే లేదు. కోపంలో ‘ఒరేయ్’ చేర్చి, ముద్దులో ‘గాడు’ చేర్చి కూడా పిలవండి. ఫోనులో మీ అమ్మగారి చేత, అత్తగారి చేత పిలిపించి వినండి, వాళ్ల నోట వచ్చిన రూపమే రేపటి అసలు పేరు.

నక్షత్రం గురించి పెద్దలు పట్టుబడితే కంగారుపడకండి. కృత్తిక మొదటి పాదమైతే ఆకారం కనుక ఆరామ్, రెండో పాదమైతే ఈకారం కనుక ఈరో, ఇలాన్, స్వాతి రెండో పాదమైతే రేకారం కనుక రెన్ కలిసివస్తాయి. కలిసిరాకపోయినా మన నామకరణంలో నక్షత్ర నామం వేరు, మాస నామం వేరు, వ్యవహార నామం వేరు. బారసాలనాడు బియ్యంలో ఉంగరంతో ముందు నక్షత్ర నామం రాసి, ఆ తరువాత వ్యవహార నామం రాస్తే పురోహితులెవరూ కాదనరు. అసలు తొందర మరో వైపు ఉంది. కాలిఫోర్నియాలో పుట్టిన పది రోజుల్లోగా జననం నమోదు కావాలి, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేలోపే ఆ పత్రం నింపమంటారు. ఇరవై ఒకటో రోజు దాకా ఆగే వీలుండదు కనుక, ప్రసవానికి ముందే నిర్ణయం జరిగిపోవాలి. ఆ రాష్ట్రంలో జనన పత్రం మీద చాలాకాలం ఇంగ్లీషు ఇరవై ఆరు అక్షరాలకే అనుమతి ఉండేది, అక్షరాల మీద గీతలు, చుక్కలు ఉన్న పేర్లు వాటిని కోల్పోయేవి. నేను చెప్పిన నాలుగింటికీ ఆ బెడద లేదు.

ఇంటిపేరును ముందు రాసే మన అలవాటు ఆ పత్రంలో పనికిరాదు. ఇంటిపేరు చివరి గడిలోనే రావాలి, మొదటి గడిలో బాబు పేరు ఒక్కటే ఉండాలి. ఆ పత్రంలో ఎలా రాశారో రేపు అమెరికా పాస్‌పోర్టులో అలాగే వస్తుంది, పాస్‌పోర్టులో ఉన్నట్టే, విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివారికి భారత ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డులోనూ ఉండాలి. కాబట్టి సంతకం పెట్టే ముందు ఇద్దరూ ఒక్కొక్క అక్షరం విడివిడిగా చదివి సరిచూసుకోండి.